జూలు చాటు సుడి

పోయిన నెల రెండో శుక్రవారం కల్లూరులో మా వీధి చివరింటి పెళ్ళికి ఊరేగింపు గుర్రాన్ని తెచ్చారు. పెళ్ళికొడుకు ముస్తాబు ఇంకా పూర్తి కాలేదని నలభై నిమిషాలపాటు దాన్ని మా గేటు ముందే నిలబెట్టారు. గుర్రం తెచ్చినతను పెయింటు డబ్బా ఒకటి పట్టుకొచ్చి నీళ్ళడిగితే, దానితో ఏం సరిపోతుందని నేనే రెండు బకెట్లు నింపి బయట పెట్టించాను. అది తాగుతుండగా చూశాను, దాని వీపు మీది జరీగుడ్డ చాటున, వెనకకాళ్ళకు ఆనుకుని ఒక గుర్రప్పిల్ల నిలబడి ఉంది. ఎన్ని నెలలదని అడిగితే, "వానలల్ల పుట్టింది అమ్మమ్మా" అన్నాడు. ఏ వానల్లో, తొలకరికా, ముసురుకా అంటే చెప్పలేకపోయాడు. తన గుర్రం ఎప్పుడు ఈనిందో తనకే తెలియని మనిషి మీద నాకు కోపం రావలసింది కానీ, ఆ వెంటనే అతను, "మా ఇంట్లనే పుట్టింది. హైదరాబాద్ పార్టీ ఒకాయన అడుగుతుండు. అమ్మాల్నా, ఉంచుకోవాల్నా, ఏం సమజైతలేదు" అనేసరికి కోపం ఎటో పోయింది. నేను నోరు తెరిచేలోపే మేళం మొదలై, అతను గుర్రాన్ని తోలుకుపోయాడు. ఆ ప్రశ్న మా ఇంట్లో ఒకప్పుడు నలభై మూడు రోజులు నలిగింది. ఆ రోజులను లెక్కపెట్టిన మనిషిని నేనే, ఆనాటి వాళ్ళలో మిగిలింది కూడా నేనొక్కదాన్నే.

అప్పుడు నాకు పన్నెండో ఏడు. ఇప్పుడు డెబ్బై నాలుగు నిండి అయిదు నెలలు. మా ఊరు అశ్వారావుపేటకు నాలుగు మైళ్ళవతల, అడవి మొదలయ్యే చోట ఉండేది. ఇప్పుడు అటు వెళితే కంటికి ఆనినంత దూరం పామాయిలు తోటలు గీత గీసినట్టు వరసల్లో కనిపిస్తాయి గానీ, ఆ రోజుల్లో మా పెరటి కంచె దాటితే తునికి, ఇప్ప, అడ్డతీగలే. మా నాయనకు భూమి ఎకరం కూడా లేదు, రెండు ఆడగుర్రాలు ఉండేవి, అంతే. పొట్టి జాతివి, గట్టివి. వాటి వీపున రెండు పక్కలా కంట్లాల సంచులు వేలాడదీసి, ఉప్పు, కిరసనాయిలు, ఎండుచేపలు కిరాయికి లోపలి గూడేల సంతలకు మోసుకుపోయి, తిరుగుప్రయాణంలో చింతపండు, కరక్కాయలు, ఇప్పపువ్వు తెచ్చేవాడు. మీలో డెబ్బై దాటినవాళ్ళకు గుర్తుండే ఉంటుంది, అప్పట్లో ఒక మనిషి ఏ సంత నుంచి వస్తున్నాడో కనిపించకముందే వాసన చెప్పేసేది. మా నాయన వాగు దాటుతుండగానే నాయనమ్మ వాకిట్లోంచి, ఇవాళ ఎండుచేపలు మిగిలినయి అనో, ఇప్పపువ్వు తడిసింది అనో చెప్పేది, ఎన్నడూ తప్పలేదు.

మా ఇంట్లో చదువు వచ్చినదాన్ని నేనొక్కదాన్నే. అయిదో తరగతి వరకు అశ్వారావుపేట బడికి పోయి వచ్చాను. ఆ చదువు ఎందుకు పనికొస్తుందో అమ్మకు అర్థం కాకపోయినా మా నాయనకు అర్థమైంది. గుర్రాలు రెండూ చూలు కట్టినప్పుడు నన్ను పిలిచి, ఏ రోజున జత కట్టిందో రాసిపెట్టమన్నాడు. ఆ రోజు నుంచి నా నోటుపుస్తకం వెనక పేజీలు గుర్రాలవైపోయాయి. పెద్ద గుర్రం మూడు వందల ముప్పై ఎనిమిది రోజులకు, పొద్దుపొడుపు వేళ, ఆడపిల్లను ఈనింది. ఇరవై మూడు రోజుల తర్వాత చిన్నది మగపిల్లను ఈనింది. ప్రతి పున్నమికీ రెండింటి ఎత్తూ నా జానతో కొలిచి రాసేదాన్ని. ఆరు నెలలు రాశాక గానీ నాకు తట్టలేదు, పిల్లలతోపాటు నా చెయ్యి కూడా పెరుగుతోందని. ఆ రోజు ఏడ్చినంత ఏడుపు నేను బళ్ళో దెబ్బలు తిన్నప్పుడు కూడా ఏడవలేదు. చివరకు నాయన తన జానతో తునికికర్ర మీద గాట్లు పెట్టి ఇస్తే, పాతవన్నీ కొట్టేసి కొత్తగా మొదలుపెట్టాను.

ఆడపిల్లకు నుదుటి మీద తెల్లమచ్చ ఉండేది, చుక్కి అన్నాం. మగదాన్ని బుడ్డోడు అన్నాం. చుక్కి పుట్టిన తొలి పదకొండు రోజులు తల్లికి పాలు సరిగా పడలేదు. మేకపాలలో గుడ్డ తడిపి నోట్లో పిండింది నేను, అందుకని అది నన్నే తల్లి అనుకున్నదో ఏమో, నేను బడికి పోతుంటే వాగు దాకా వచ్చి, నేను అవతలి గట్టు ఎక్కేదాకా నిలబడి, అప్పుడు వెనక్కి మళ్ళేది. బుడ్డోడి సంగతి వేరు. వాడు నీళ్ళకుండ తన్నేవాడు, తడికె కొరికేవాడు, ఒకసారి నా నోటుపుస్తకంలో భాగాహారాల పేజీ ఒకటి పూర్తిగా నమిలి మింగేశాడు. ఆ పేజీ గుర్రం తిన్నదంటే పంతులుగారు నా మాట నమ్మలేదు. నాకు వాడంటే పడేది కాదు, దాచడమెందుకు.

అసలు చిక్కు బుడ్డోడి మెడ మీద ఉంది. గుర్రాలు కొనేవాళ్ళు పళ్ళకంటే ముందు సుడులు చూస్తారు. వెంట్రుకలు గుండ్రంగా తిరిగిన చోట సుడి. అది నుదుటన ఉంటే ఒక ఫలం, రొమ్మున ఉంటే మరో ఫలం. బుడ్డోడికి మెడ మధ్యన, ఎడమ పక్క, జూలు కింద ఒక సుడి ఉండేది. ఆ సుడి ఉన్న గుర్రాన్ని కొన్నవాళ్ళ ఇల్లు చెదిరిపోతుందని మా వైపు గట్టి నమ్మకం. నాయనమ్మ దానికి ఒక మినహాయింపు చెప్పేది. గుర్రం ఎవరి కప్పు కింద పుట్టిందో ఆ ఇంటిని సుడి ఏమీ చెయ్యదట, కొనుక్కున్న వాళ్ళనే పడుతుందట. ఇంట పుట్టిన బిడ్డ ఎలా ఉన్నా మన బిడ్డే కదా అన్నట్టు చెప్పేది.

రెండు పిల్లలకూ రెండేళ్ళు నిండేసరికి ఆ ఏడు వానలు సరిగా లేక జొన్న చొప్ప దొరకలేదు. ఉలవలు నాలుగు నోళ్ళకు ఉడికించే స్థితి పోయింది. ఒకదాన్ని అమ్మాలి, అది తేలిపోయింది. ఏది అనేదే తేలలేదు. నాయన చుక్కిని ఉంచుకుందామన్నాడు, పెద్ద గుర్రం ముసలిదవుతోంది, బరువుకు చుక్కి ఆగుతుంది, రేపు అది ఈనినా మనకే అని. అమ్మ మంచిదాన్నే అమ్ముదామంది, ధర వచ్చేది దానికే అని. నాయనమ్మ మాత్రం, "సుడి ఉన్నదాన్ని ఇంకొకల ఇంట్లకు తోలుతవా కొడకా? మన దగ్గరుంటే దానికీ దోషం లేదు, మనకూ లేదు" అని ఒకే మాట మీద కూచుంది. అన్నం దగ్గర మొదలైన వాదన చేతులు కడుక్కున్నాక కూడా సాగేది. నన్నెవరూ అడగలేదు. అడిగి ఉంటే ఏం చెప్పేదాన్నో మీకు వేరే చెప్పక్కర్లేదు. చివరికి నలభై మూడో రోజున నాయన విసిగిపోయి, వచ్చినవాళ్ళు ఏది అడిగితే అదే ఇస్తానని తేల్చేశాడు.

మూడు రోజుల తర్వాత కొత్తగూడెం నుంచి ఒక జట్కా ఆయన, ఆయన భార్య నడిచి వస్తున్నారని కబురందింది. బొగ్గుబావుల వైపు అప్పుడు జట్కాలు బాగా తిరిగేవి. వాళ్ళ గుర్రం కడుపుశూల లాంటిదేదో వచ్చి పోయిందట, బండి ఇంటిముందు కాడి వాల్చుకుని ఉందట. వాళ్ళొచ్చే రోజు పొద్దున్నే నేను బుడ్డోణ్ణి వాగుకు తీసుకుపోయి పీచుతో రుద్ది కడిగాను. ఒళ్ళంతా ఇప్పనూనె పట్టించాను. వాడి జూలు దువ్వి, నూనెతో అదిమి, ఎడమ పక్కకు చక్కగా పడుకోబెట్టాను. చుక్కిని మాత్రం బూడిద పోసిన గుంట దగ్గర పొర్లనిచ్చాను. నాయనమ్మ అరుగు మీద కూచుని ఇదంతా చూసి, "ఏందే, ఇయ్యాల బుడ్డోని మీద గంత ప్రేమ పుట్టుకొచ్చింది? నీ లెక్కల కాయితం తిన్నోడు గాదా వాడు?" అంది. నేను వినపడనట్టే జూలు ఇంకోసారి దువ్వాను.

వాళ్ళు మధ్యాహ్నానికి చేరారు. ఆయన కాళ్ళు దుమ్ముతో మోకాళ్ళ దాకా ఎర్రగా ఉన్నాయి. ఆమె చేతిలో కొత్త తాడు ఉంది, దానికి పసుపు రాసి ఉంది. మజ్జిగ తాగి, ఆయన లేచి రెండింటినీ చూశాడు. పళ్ళు చూశాడు, గిట్టలు ఎత్తి చూశాడు, నుదురు, రొమ్ము, పొట్ట కింద చెయ్యి పెట్టి సుడులు వెతికాడు. జూలు ఎత్తలేదు. నూనె రాసి అంత అందంగా దువ్విన జూలును చెదరగొట్టడం ఎవరికైనా మనసొప్పదు, అది నేను ముందే ఊహించాను. బూడిదలో పొర్లిన చుక్కి కంటే నిగనిగలాడే బుడ్డోడే ఆయన కంటికి నచ్చాడు. "ఈ పోరడు బాగున్నడన్నా" అన్నాడు.

అప్పటి బేరాలు మాటలతో అయ్యేవి కావు. నాయన భుజం మీది తువ్వాలు తీసి ఇద్దరి చేతుల మీదా కప్పాడు. దాని కింద వేళ్ళు పట్టుకోవడం, నొక్కడం, విడవడం, అదే బేరం. పైన చూసేవాళ్ళకు రెండు ముఖాలు తప్ప ఏమీ కనపడదు. వాళ్ళ వేళ్ళు ఎంత దగ్గర ఆగాయో నాకు ఈనాటికీ తెలియదు. జీవితంలో ఇన్ని లెక్కలు రాశాను, ఆ ఒక్క గడి ఖాళీగానే ఉండిపోయింది. కాసేపటికి ఇద్దరూ తలలూపారు, తువ్వాలు తీశారు.

ఆ తర్వాత ఇంకొక్కటి మిగిలి ఉంటుంది. తాడు మార్చేముందు అమ్మేవాడు ఆ జంతువు మంచీ చెడూ అందరూ వినేట్టు చెప్పాలి. చెప్పాక కొత్త తాడు వేస్తారు, పాత తాడు విప్పుతారు, ఇక పేచీ ఉండదు. మిగతా ఇళ్ళల్లో నోటితో చెప్పేవాళ్ళు. మా ఇంట్లో పుస్తకం ఉంది కాబట్టి నాయన నన్ను పిలిచి, బుడ్డోడివి చదవమన్నాడు. నేను లేచి నిలబడి చదివాను. పుట్టిన తిథి, వారం. తల్లి పేరు. పాలు మాన్పించిన రోజు. మొన్నటి పున్నమికి అయిదు జానల మూడు వేళ్ళు. కుడి వెనక గిట్ట తెలుపు. నీళ్ళకు బెదరడు. తడికెలు కొరుకుతాడు. బరువు ఇంకా ఎక్కించలేదు. అక్కడికి పుస్తకం మూసేశాను.

జట్కా ఆయన భార్య అంతసేపూ నా నోటివైపే చూస్తూ ఉంది. చదువు రానివాళ్ళు, చదువుతున్న పిల్ల వైపు ఎలా చూస్తారో ఆ చూపు ఈ కాలం వాళ్ళకు తెలియదు. "ఇంకేమన్న రాసి ఉన్నదా బిడ్డా?" అనడిగింది.

"గంతే" అన్నాను.

ఆమె తాడు విప్పుతూ ముందుకొచ్చింది. నాయన నావైపు చూడలేదు. ఎదురుగా ఉన్న తడికె వైపు చూస్తూ, మామూలు గొంతుతో, "గంతే గాదు బిడ్డా. వానియి తొమ్మిది వరుసలు. నువ్వు ఎనిమిదే సదివినవ్" అన్నాడు.

ఆయనకు అక్షరం రాదు. కానీ ఆ వరుసలన్నీ ఆయనే చెప్పగా నేను రాసినవి. రాసిన ప్రతిసారీ ఒకసారి చదివి వినిపించమని, వేళ్ళ కణుపుల మీద లెక్క పెట్టుకునేవాడు. ఆ సంగతి నాకు తెలిసీ, ఆ క్షణాన గుర్తు రాలేదు. చుక్కిని ఉంచుకోవాలని నాకెంత ఉందో ఆయనకూ అంతే ఉంది. నేను వదిలేసిన ఆ వరుస ఆయనకూ కలిసొచ్చేదే. మెదలకుండా ఉంటే చాలు.

నేను పుస్తకం మళ్ళీ తెరిచి చదివాను. జూలు చాటున, ఎడమ పక్క, మెడ మధ్యన ఒక సుడి, రూపాయి బిళ్ళంత.

జట్కా ఆయన వెళ్ళి, నూనె జూలు ఎత్తి చూసి, మళ్ళీ మెల్లగా సర్దిపెట్టాడు. ఆమె తాడును మడిచి పొట్టకు ఆనించి పట్టుకుంది. "ఒకటి పోయే ఉన్నది అన్నా మాకు. దీన్ని తోలుకపోతే మా అత్త ఇంట్లకు రానియ్యదు" అంది. మాటలో తప్పు పట్టడం లేదు, అలసట ఉంది. వాళ్ళు వెనక్కి మళ్ళితే మళ్ళీ రెండు రోజుల నడక, ఉత్త చేతులతో. నాయన చెయ్యి తుడుచుకుని చుక్కి దగ్గరకు వెళ్ళాడు. దాని వీపు మీది బూడిద తన తువ్వాలుతో దులిపాడు, ఒక పక్క, తర్వాత రెండో పక్క, తొందర లేకుండా. "చేతుల్ల మాట అయిపోయింది గద. గా మాటకే దీన్ని తోలుకపోండ్రి. దీనికి ఏ సుడీ లేదు" అన్నాడు. పొయ్యి దగ్గర అమ్మ గిన్నె ఒకటి గట్టిగా కింద పెట్టింది. చుక్కిని అమ్మాలన్నది ఆమే, కానీ బుడ్డోడి ధరకు కాదు కదా.

చుక్కివి పదకొండు వరుసలు. అన్నీ చదివాను, ఒక్కటీ వదలకుండా. పసుపు తాడు దాని మెడలో పడింది. అది వాగు దాకా మామూలుగానే నడిచింది, రోజూ పోయే దారే కదా. అక్కడ ఆగి నా కోసం వెనక్కి చూసింది. జట్కా ఆయన తొందరపెట్టలేదు, మెడ నిమిరి, అది కదిలేదాకా ఆగాడు. ఆ మంచితనం చూశాక నాకు ఆయన మీద కోపం తెచ్చుకునే వీలు కూడా లేకపోయింది. పెద్ద గుర్రం మూడు రోజులు సకిలించి, నాలుగో రోజు పొద్దున మేత ముట్టింది.

నాయన కొడతాడని ఎదురుచూశాను. తిట్టినా బాగుండేది. వారం గడిచాక, సంత రోజున, వాగు దాకా తోడు రమ్మని పిలిచాడు. కంట్లాలు సర్దుకుంటూ దారిలో అన్నాడు, "ఒకనాడు ఆళ్ళు వాని జూలు కత్తిరిస్తరు, సుడి కనబడ్తది. ఇగ ఆనాటి నుంచి పిల్లకు జొరమొచ్చినా వాడే, ఇరుసు ఇరిగినా వాడే. జొరం ఎవరింట్ల రాదు చెప్పు? బువ్వ పెట్టుకుంట తిడ్తరు, బండి కట్టుకుంట కొడ్తరు. వాడేం జేసిండని?" అంతే అన్నాడు. నేను అన్ని రోజులూ చుక్కి గురించే ఏడ్చాను. కొన్నవాళ్ళ గురించి కొంచెం ఆలోచించాను, సిగ్గుపడ్డాను. బుడ్డోడి గురించి ఆలోచించాలని నాకు తోచనే లేదు. ఆ సాయంత్రం వాడికి నా చేత్తో ఉలవలు పెట్టాను. వాడు ఉలవలతోపాటు నా వేలు కూడా కొరికాడు.

ఆ తర్వాత బుడ్డోడు మా ఇంట్లో ఇంకా పంతొమ్మిదేళ్ళ రెండు నెలలు ఉన్నాడు. ఆ పంతొమ్మిదేళ్ళలో మా ఇంటికి రావలసినవన్నీ వచ్చాయి. మూడో ఏడు నాయనమ్మ పోయింది. ఆరో ఏడు అమ్మకు కాళ్ళు పడిపోయాయి. తర్వాత లోపలికి కంకర రోడ్డు పడి, జీపులు వచ్చి, నాయన కిరాయిలు సగమైపోయాయి. నా పెళ్ళయిన నాలుగేళ్ళకు నేను ఒంటరినై, కూతుర్ని ఎత్తుకుని పుట్టింటికి తిరిగొచ్చి, తునికాకు కల్లంలో కట్టలు లెక్కపెట్టే పనికి కుదిరాను, కట్టకు యాభై ఆకులు, ఒక్కటి తగ్గినా ఒప్పుకోననే పేరు అక్కడే వచ్చింది నాకు. వీటిలో ఏది వచ్చిన రోజునా మా ఇంట్లో ఎవరూ పశువుల పాక వైపు తిరిగి చూసి ఒక మాట అనలేదు. ఊళ్ళోవాళ్ళు అనబోతే నాయన, "మా ఇంట పుట్టినోడు" అని అక్కడితో తెంచేసేవాడు. నాయనమ్మ చెప్పిన మినహాయింపు నిజమో కాదో నాకు తెలియదు గానీ, దాన్ని కనిపెట్టినవాళ్ళు ఎవరో మంచివాళ్ళు. ఆ గుర్రాలు తమ సుడులతో సహా ఎక్కడో ఒక కప్పు కింద నిశ్చింతగా బతకాలని కనిపెట్టి ఉంటారు.

ఇప్పుడు మా ఊరి నుంచి అశ్వారావుపేటకు మోటారు సైకిలు మీద ఇరవై నిమిషాలు. మంచిదే, అమ్మకు కాళ్ళు పడిపోయిన రోజున ఆ రోడ్డు ఉండి ఉంటే దవాఖానాకు పొద్దుగూకే లోపే చేరేవాళ్ళం. మారినవాటిలో నేను వద్దనేవి చాలా తక్కువ. కిందటి నెలలో మా మనవరాలు తన పాత స్కూటీని ఫోన్లో ఫోటో పెట్టి అమ్మేసింది. గడియారం చూశాను, అడగడానికీ ఒప్పుకోవడానికీ కలిపి పదకొండు నిమిషాలు పట్టింది. తీసుకుపోవడానికి ఎవరో కిరాయి మనిషి వచ్చాడు, కొన్నవాళ్ళెవరో మేం చూడలేదు. చలికాలంలో అది నాలుగైదు తన్నులకు గానీ స్టార్టు కాదన్న సంగతి చెప్పావా అని అడిగితే, వాళ్ళు అడగలేదు కదా అమ్మమ్మా అంది. తప్పేమీ లేదు, ఇప్పటి పద్ధతే అది. కానీ ఈ చలికి పొద్దున్నే ఎవరి వాకిట్లో ఎవరు దాన్ని తన్నుతూ, ఏమని తిడుతున్నారోనని రోజుకొక్కసారైనా అనుకుంటున్నాను.